ప్రతివాది ఒప్పుకోకూడదని మనవి

కేసు నిర్వహణ చూస్తున్న న్యాయమూర్తి గారి సముఖమునకు, కెబెక్ రాష్ట్రం, బోస్ ప్రాంతం నుండి వాది ఒడెత్ తిబొదో వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా పొరుగువాడు గయెతాన్ మా మేపుల్ చెట్లు నరికిన కేసులో, ఇరుపక్షాలూ ఒప్పుకున్న ఒక వాస్తవాన్ని మళ్ళీ ఒప్పుకోనిదిగా మార్చుట గురించి.

1. వాది, ప్రతివాది పరస్పరం సహకరించుకొని, విచారణ ఎలా జరగాలో ఉమ్మడిగా ప్రణాళిక వ్రాసి దాఖలు చేయవలెనని తమరు ఆదేశించియున్నారు. సదరు ఆదేశం మేరకు గయెతాన్ మా వంటగదిలో కూర్చుని, నేను వేసిన అట్లు తిని సహకరించినాడు. అట్ల మీదికి మేపుల్ పాకం మాత్రం అతడే తెచ్చుకున్నాడు, ఆ పాకానికి రసమిచ్చే చెట్లు మాకిప్పుడు లేవు గదా. నేనూ సహకరించినాను. సహకరించి సహకరించి నా ఓపిక అయిపోయినది.

2. ఆ సహకారంలో భాగంగా "నరికిన చెట్లు తిబొదో కుటుంబానివే" అని అతడు ఒప్పుకొని సంతకం చేసినాడు. ఒప్పుకున్నదానికి సాక్ష్యం అనవసరమనియు, కోర్టు సమయం ఆదా అగుననియు తమరు సంతోషించి, నా ఏకైక సాక్షి పేరు కొట్టివేసియున్నారు.

3. ఆ సాక్షి నా భర్త లియొనెల్. పక్షవాతం వచ్చినప్పటి నుండి ఆయనకు మాట పడిపోయినది. మాట నేర్పడానికి వచ్చే అమ్మాయి "ముందుగా ఏం చెప్పాలని ఉంది మీకు?" అని అడిగితే, కిటికీలోంచి నరికిన మోళ్ళ వైపు చూపించినారు. శీతాకాలమంతా ఒకటే వాక్యం సాధన చేసినారు: "అవి మా నాన్న పెంచిన చెట్లు." "నాన్న" దగ్గర ఆగిపోతారు. మళ్ళీ మొదలుపెడతారు. జడ్జి గారు అడుగుతారు, సిద్ధంగా ఉండమని ఆశపెట్టినది నేనే.

4. తమ ఉత్తర్వు చదివి వినిపించిన నాటి నుండి ఆయన సాధన మానేసినారు. గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. అయ్యా, నేను చాలా అలసిపోయాను. కేసు గెలిచినా ఓడినా నాకిక పట్టదు. ఆయన నోరు విప్పడానికి ఇంకో కారణం నా దగ్గర లేదు.

5. కావున నిన్న గయెతాన్ ఇంటికి వెళ్ళి, ఒప్పుకోలు వెనక్కి తీసుకొమ్మని అడిగితిని. జరిగిన సంభాషణ ఈ క్రింది విధంగా ఉన్నది.

"చెట్లు మీవి కావని అబద్ధం చెప్పమంటావా ఒడెత్?"

"అబద్ధం ఎందుకు? తెలీదు అను, చాలు."

"నరికింది నేనే కదా. తెలీదంటే ఊరంతా నవ్వుతుంది."

"ఇప్పుడేమన్నా ఏడుస్తోందా?"

అతడు తలుపు వేసుకున్నాడు.

కనుక ప్రతివాది ఆ వాస్తవాన్ని ఒప్పుకోకూడదని తమరు ఆదేశించవలెను. అది కుదరనిచో, నేను మాట్లాడవలసిన సమయమంతా తీసివేసి నా భర్తకు ఇచ్చి, ఎవ్వరూ మాట అందివ్వకుండా, ఆ వాక్యం పూర్తయ్యేదాకా చిత్తగించవలెను.

ఈ ఒక్క సంగతిలో తప్ప
తమ విధేయురాలు,
ఒడెత్ తిబొదో

తా.క.: కవరు అంటించబోతుంటే గయెతాన్ వచ్చాడు. అర్జీ అంతా చదివి, నా చేతిలో కలం తీసుకుని ఇది రాశాడు:

"జడ్జి గారూ, ఆ చెట్లు ఎవరివో నాకు తెలీదు. లియొనెల్ వచ్చి నా మొహం మీద చెబితేనే నమ్ముతాను. ఎంతసేపైనా కూచుంటాను."