హారతి పాటకు మైకు ఎంపిక

అక్కకు,

నువ్వు చనిపోయిన ఏడాదికి, మన ఇంటి హారతి పాట నాకు దఖలుపడిందని తెలియజేయడానికి చింతిస్తున్నాను. నిజానికి సంతోషిస్తున్నాను. మస్కట్‌లో జరిగే తన మనవడి బారసాలకు పాట రికార్డు చేసి పంపమని పిన్నిగారు నన్నే అడిగారు. నువ్వుంటే ఆ ప్రస్తావనే వచ్చేది కాదు.

అమలాపురంలో కొట్టతను చవకలో రెండు మైకులు చూపించాడు. "ఇది మీ గొంతొక్కటే పట్టుద్దండి. అదైతే ఇల్లంతా పట్టేస్తదండి. రెండూ పట్టుకెళ్లి, నచ్చనిది తెచ్చేయండి," అన్నాడు.

రికార్డులో నా గొంతొక్కటే ఉండాలని ఏకగ్రీవంగా తీర్మానించుకున్నాను. అయినా నిష్పక్షపాతంగా రెండింటిలోనూ పాడదలిచాను.

మొదటిదానిలో పాడగానే వంటింట్లోంచి అమ్మ, "ఆయ్, బానే ఉందే. మీ అక్కయితే కర్పూరం ఆరిపోయేదాకా లాగేది చివర్న," అంది.

"పళ్లెం పట్టుకున్నోళ్ల చేతులు కాలేవి కదమ్మా," అని అభ్యంతరం నమోదు చేశాను.

రెండోదానిలో కూడా పాడి, తీరిగ్గా విన్నాను. మొదటి రికార్డులో నేనొక్కదాన్నే స్పష్టంగా ఉన్నాను. రెండోదానిలో నేను ముగించాక కూడా పాట ఆగలేదు. వెనక వంటింట్లో అమ్మ చివరి పాదాన్ని సన్నగా, అచ్చం నీలాగే లాగుతోంది. నా పాటకు ఆమె ఎన్నడూ గొంతు కలపలేదు.

మొదటి మైకు వాపసు చేశాను. రెండో రికార్డునే, చివర కత్తిరించకుండా, పిన్నిగారికి పంపాను. అసూయ యథాతథంగా అమల్లో ఉన్నదని గమనించగలవు.

ఇట్లు,
ఇన్‌చార్జి గాయని,
నీ చెల్లెలు.