బానెట్ లోపలి రాతలు

అల్లుడుగారికి,

కోపంగానే రాస్తున్నాను. ఫోన్‌లో అయితే నోరు జారుతానని కాగితం తీశాను.

దూర ప్రయాణానికి మన పాత జీపును మీరు సిద్ధం చేయిస్తానంటే సంతోషించాను. బ్రేకులు చూపించమన్నాను. కొండదారిలో నాలుగు చక్రాలూ లాగుతాయో లేదో చూడమన్నాను. రంగు వేయించమని మిమ్మల్ని ఎవరడిగారు? వేయించారు సరే, బానెట్ లోపల కూడా ఎందుకు పూయించారు? పైగా "లోపల కూడా అద్దంలా మెరిసిపోతోంది చూడండి మావయ్యా!" అని మురిసిపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అక్కడ ఉన్నవి పిచ్చిగీతలు కావు. ఏ గొట్టం ఎప్పుడు మార్చానో, కొండ ఎక్కేముందు ఏ లివరు ఎటు లాగాలో, ఏ నట్టు ఎటు తిప్పాలో రెండేళ్ళుగా నేను మార్కరుతో రాసుకుంటున్నవి. ముప్పై ఏళ్ళు ఇదే జీపు నడిపినవాడికి ఆ రాతలెందుకని మీరు అడగలేదు. అడిగినా చెప్పేవాణ్ణి కాదు.

ఈ ఉదయం స్టెప్నీ మార్చి చూద్దామని ఎడమ చక్రం దగ్గర కూర్చున్నాను. అరగంట చెమటోడ్చినా ఒక్క నట్టూ కదల్లేదు. బానెట్ ఎత్తితే నున్నటి ఆకుపచ్చ రంగు తప్ప ఏమీ లేదు. చివరికి నా దగ్గరే పని నేర్చుకున్న మెకానిక్ వచ్చాడు. "ఈ పాత జీపుకి ఎడమవైపు నట్లు ఎదురు దిక్కుకి తిప్పాలి, మీరే నేర్పారు కదండీ" అన్నాడు. తల ఎత్తలేకపోయాను.

ప్రయాణం ఆపకండి. కానీ బండి మీరే నడపండి. అమ్మాయి అడిగితే నాకు నడుం నొప్పి అని చెప్పండి.

మీ మావయ్య