రిజిస్టరులో ఎక్కనివాళ్ళు

మార్చి 9, సోమవారం

అమ్మకు,

మార్సెల్ రాస్తున్నాను. ఇక్కడ నేనూ, కోలెట్టూ, పిల్లలూ బాగానే ఉన్నాం. నువ్వూ బాగున్నావనీ, మెట్ల మీద మంచు నువ్వే తవ్వడం మానేశావనీ అనుకుంటున్నాను.

నువ్వు పంపిన బక్‌వీట్ పిండి అందింది. అట్లకు నీ చేతి రుచి రాలేదు. చిన్నదాని దగ్గు తగ్గిందా అని అడిగావు, తగ్గింది. నేనెందుకు ఫోన్ చెయ్యడం లేదనీ అడిగావు. దానికి జవాబు చెప్పడమే కష్టంగా ఉంది.

వాషింగ్టన్ నుంచి మా రాష్ట్ర కార్మిక శాఖకు రావలసిన నిధుల్లో ఐదో వంతు కోసేశారు. నవంబరు నుంచి బడ్జెట్ విభాగంలో మా నలుగురికీ ఒకటే పని: ఏది లేకపోయినా నెట్టుకురాగలమో వెతకడం. రిటైరైనవాళ్ళ ఉద్యోగాలు ఖాళీగా వదిలేశాం. పై అంతస్తు మూసేసి అందరం కింద ఇరుక్కుని కూర్చున్నాం. నిరుద్యోగ భృతి ఫోన్లు ఎత్తేవాళ్ళను తగ్గించాం; ఇప్పుడు జనం గంటన్నర లైన్లో కాచుకుని మమ్మల్ని తిడుతున్నారు. తిట్టాలి కూడా.

అయినా చాల్లేదు. "మిల్లులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్లనైనా తీసెయ్యాలి, ఏదో ఒక ఊళ్ళో నిరుద్యోగ భృతి ఆఫీసైనా మూసెయ్యాలి. నువ్వే తేల్చవయ్యా" అంది మా డైరెక్టరమ్మ. తనిఖీలు లేకపోతే రంపాల దగ్గర మనుషుల వేళ్ళు తెగుతాయి. అందుకని ఆఫీసే అన్నాను.

"నువ్వక్కడుండి ఏం చేస్తున్నావురా? మన ఊరి ఆఫీసు మూసినవాళ్ళకి కాస్త గడ్డి పెట్టు" అని రాశావు.

అమ్మా, మన ఊరి పేరు రాసింది నేనే.

లూసీల్ పిన్ని ఒక్కతే నడిపే ఆఫీసు. వచ్చినవాళ్ళు రిజిస్టరులో పెట్టే సంతకాలు రాష్ట్రం మొత్తం మీద అక్కడే తక్కువ. కానీ కాగితం మిల్లు మూతపడ్డప్పుడు నాన్న భృతి దరఖాస్తు ఆవిడ నింపింది తన వంటింట్లో కూర్చునే కదా. ఫ్రెంచి తప్ప ఇంగ్లీషు సరిగా రాని పెద్దవాళ్ళు ఇప్పటికీ ఆవిడ ఇంటికే వెళతారు. వాళ్ళెవరూ రిజిస్టరులో ఎక్కరు. ఈ సంగతి ఇక్కడ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అయినా నోరెత్తలేదు. సొంత ఊరిని వెనకేసుకొస్తున్నాడంటారని భయం. పైగా ఆ పేరు కొట్టేస్తే మళ్ళీ మొదటినుంచీ వెతకాలి. నాకు ఓపిక లేదమ్మా.

గురువారం పిన్ని ఫోన్ చేసింది.

"ఒరే, నా సంతకాలు ఎవరో లెక్కపెట్టార్టరా. నువ్వుండగా ఇలా ఎలా జరిగింది?"

"పైనుంచి వచ్చింది పిన్నీ" అన్నాను.

"పోనీలే, నువ్వు మాత్రం ఏం చేస్తావు. అన్నం తిన్నావా?" అంది.

ఇవాళ పొద్దున డైరెక్టరమ్మకు అంతా చెప్పాను. ఆవిడ ఫైలు తెరిచి తేదీ చూపించింది. "ఉత్తర్వు వెళ్ళిపోయింది. ఈ మాట జనవరిలో చెప్పకూడదటయ్యా?" అంది. ఆఫీసు నెలాఖరుకు మూసేస్తారు.

శనివారం వస్తున్నాను. పిన్నికి నేనే చెప్పుకుంటాను. ఈలోగా చర్చి దగ్గర ఎవరైనా నన్ను తిడితే, నా తరఫున పోట్లాడకు.

ఇట్లు,
నీ పెద్దకొడుకు
మార్సెల్