నడవడి మంచిదే

రాస్ లఫాన్ క్యాంపు,
మార్చి 9, 2024

ప్రియమైన చెల్లె నర్సవ్వకు అన్న లస్మయ్య దీవెనలు.

ఫోన్‌లో నాకు మాటలు రావు. అందుకే రాస్తున్నాను. ఈ గల్ఫ్ క్యాంపులో నాకు మెస్సులో గిన్నెలు కడిగే డ్యూటీనే. ఒళ్లు బాగుంది.

మా రూములో పక్క మంచం గంగన్నది. మన పక్క మండలం. ఆయన కొడుకు చనిపోయాడు. ఇరవై రెండేళ్లు. చెక్‌పోస్టు దగ్గర ఆపితే, లైసెన్సు లేక భయపడి, బండి వదిలి ఉరికాడట. కానిస్టేబుల్ వెనక నుంచి కాల్చాడట. గంగన్న సెలవడిగితే "ఛుట్టీ మాఫీ", సెలవు లేదు పొమ్మన్నారు. కొడుకు చితి ఫోన్‌లో చూశాడు.

ఆ కానిస్టేబుల్ పేరు నర్సింగ్ అంటున్నారు. ఆ పేరు చాలామందికి ఉంటుంది. నీ కొడుకు డ్యూటీ ఇప్పుడు ఎక్కడ?

నీ అన్న,
లస్మయ్య

మార్చి 24

ప్రియమైన అన్నకు నర్సవ్వ శనార్తి.

నేను చెప్తాంటె కోడలు తిరుమల రాస్తాంది. మనోడే అన్నా. పిలగాని చేతిల ఏదో ఉన్నదనుకున్నడట. సస్పెండ్ చేసిండ్రు. బువ్వ ముడ్తలేడు.

విచారణ ఆఫీసరు ఊళ్లెకచ్చి వాని గుణమెట్లాంటిదని అడుగుతాండు. "కొలువుల చేరేటప్పుడు మేనమామ ఏం చెప్పిండో, గదే మళ్ల రాసియ్యమను" అన్నడు వకీలు. ఒక్క కాయిదం అన్నా. మనూరి గంగాప్రసాద్ పాత ముచ్చట ఎత్తకు. అది పంచాయితిలనే ఒడిసె. ఆ గంగన్నకు నువ్వు మాకేమైతవో చెప్పకు.

నీ చెల్లె,
నర్సవ్వ

ఏప్రిల్ 19

ప్రియమైన చెల్లెకు,

ఆలస్యమైంది. నాలుగు కాయితాలు రాసి చించాను.

పొలం నీళ్ల దగ్గర గంగాప్రసాద్ చెయ్యి విరగ్గొట్టింది మనవాడే. పడిపోయాక కూడా పార కామతో కొట్టాడు. నేను చూశాను. కేసు కాకుండా పంచాయితీలో గంగాప్రసాద్‌ను బతిమాలింది కూడా నేనే. రెండేళ్లకు, వాడికి కొలువు వచ్చేముందు, పోలీసులు నడవడి అడగడానికి వచ్చారు. స్టేషన్‌లో కేసు లేదని చూసుకున్నారు. నన్నడిగితే, "బుద్ధిమంతుడు సార్" అన్నాను. చాయ్ తాగి పోయారు. తుపాకి ఇచ్చేముందు దెబ్బలు తిన్నవాణ్ని అడగాల్సింది. అడగకపోయినా నేను చెప్పాల్సింది.

గంగన్నకు ఇదంతా చెప్పాను, వాడు నా మేనల్లుడని కూడా. షిఫ్టు బస్సు దిగి వచ్చి బూట్లు విప్పుతున్నాడు.

"వాని సంగతి నీకు గప్పుడే ఎరుకనా?" అన్నాడు.

"ఎరుకే."

"నీకు మాటలే రావంటరు గదనే లస్మన్నా. గా పొద్దు పోలీసోళ్లకాడ మంచిగనే అచ్చినయ్."

ఆ రోజే మంచం వేరే రూముకు మార్చుకున్నాడు.

మొన్న ఆయనకు సెలవు దొరికింది. విచారణ ఆఫీసరుకు జరిగింది జరిగినట్టు రాసి, ఆ కాయితం గంగన్న చేతికే ఇచ్చాను. నీ ఇల్లు ఎక్కడని అడిగాడు. "కొట్లాటకు కాదు. ఆ తల్లిని ఒక్కపారి సూస్త" అన్నాడు. ఈ ఉత్తరం కూడా ఆయనతోనే పంపుతున్నాను.

తిరుమలా, బిడ్డా, ఇది పైకి చదవడం నీ మీదే పడింది. నన్ను తిట్టుకో.

నర్సవ్వా, వాకిట్లో నిలబడ్డాయన గంగన్న. లోపలికి పిలువు.

లస్మయ్య