సుక్రి తాగే ఎర్రపొడి

మామా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నాకు అక్షరం రాదు కనుక నేను చెబుతుంటే మన మనవరాలు సుక్రి రాస్తోంది. నా ఫిర్యాదు కూడా దాని మీదే.

అది పాడేరు జిమ్ముకు పోయి బరువులెత్తుతోంది. నాకు సంతోషమే, నీ భుజాలే వచ్చాయి దానికి. కానీ ఎత్తే ముందు ఏదో ఎర్రపొడి నీళ్లలో కలిపి తాగుతోంది. నిన్న ఒక చెంచాకు బదులు రెండు వేసుకుందట. ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడింది. వీపు మీద చెయ్యి వేస్తే లోపల గుండె దడదడ కొట్టుకోవడం నా అరచేతికి తెలిసింది.

"ఏటి తాగినావే గుంటా?"

"ప్రీ వర్కవుట్ అమ్మమ్మా. బలానికి అందరూ తాగుతన్నారు."

"మీ తాత ఒట్టి అంబలి తాగి కాఫీ బస్తాలు మోసినాడే!"

"సంతలో ఆ బస్తా దించుతూనే కదా తాత పోయినాడు?"

అప్పుడు దాన్ని లోపలికి తీసుకెళ్లి పడుకోబెట్టాను. దానికి జవాబు ఇప్పుడు చెబుతున్నాను. ఈ ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. దానికేదైనా అయితే నీకు ఉత్తరం రాసే చెయ్యి కూడా ఉండదు.

ఇక్కడ సుక్రి కలం ఆపేసింది, మామా.

"రాయే," అన్నాను. "కలం ఆపినావన్న మాట కూడా రాయి."