ఒంటి సీటు కారు

పజుండౌంగ్, ఏప్రిల్ 1988

రవాణా ఆఫీసులో పెద్ద కుర్చీ ఎక్కిన మా బావ బాబూరావు గారికి, మీ బావమరిది భీమరాజు దండాలు.

ఆఫీసుకొస్తే చుట్టరికం బయటపడుతుందన్నారు కనక రాస్తున్నాను. ముప్పై ఏళ్ళ కిందట నేను గీసి, రేకు కొట్టి తయారుచేసిన పందెం కారు మళ్ళీ సిద్ధమైంది. పందేలు ఎప్పుడో ఆపేశారు, సరే. నేను కన్ను మూసేలోగా మింగళాడోన్ రోడ్డు మీద ఒక్కసారి తోలుకోనివ్వండి. అనుమతి ఇప్పించండి.

ఇట్లు, భీమరాజు

తా.క. అక్క పంపిన చేపల పులుసు అందింది. ఉప్పు తక్కువ. అదీ రేషనేనా?

*

భీమరాజుకి ఆశీస్సులు.

పైనున్న మిలిటరీవాళ్ళకి సందేహాలొచ్చాయి. ఒక్క సీటేనా? ప్రజలు ఎక్కడ కూర్చుంటారు? దేశంలో ఎవరికీ లేని తొందర నీకేటి? సరిహద్దు దాటడానికేనా?

ఇట్లు, బాబూరావు

తా.క. ఇన్సేన్ జైల్లో కూడా ఒంటి మనిషి గదులున్నాయి. ఆలోచించుకో.

*

బావగారికి, వణుకుతూ పెట్టిన దండాలు.

పందెం కారుకి ఒక్కడు చాలు. ఇద్దరుంటే దారి గురించి తగువు. టాపు, హారను, స్టార్టరు అన్నీ బరువని పీకేశాను. నలుగురు వెనకనుంచి తోస్తేనే ఇంజను అందుకుంటుంది. తోసేవాళ్ళని వెంటబెట్టుకుని ఎవడైనా పారిపోతాడా?

మీ భీమరాజు

తా.క. అక్కకి చెబితే, "ఏటీ, శవానికి లాగ నలుగురా!" అని ఒకటే నవ్వు.

*

భీమరాజుకి ఆశీస్సులు.

అనుమానం తీరేదాకా కారు ప్రజల ఆస్తి. అందుకే మా ఇంటి షెడ్డులో పెట్టించాను. ఏడవకు.

బాబూరావు

తా.క. సీటు నాకు సరిగ్గా సరిపోయింది.

*

ఆగస్టు

నా బంగారు బావమరిదీ!

సర్కారు మీద తిరగబడ్డ జనం ఆఫీసర్లని వెతుక్కుంటూ మా గేటు బయట కేకలు. ఆఫీసు జీపు డ్రైవరు జీపుతో సహా వాళ్ళలో కలిసిపోయాడు. మీ అక్క నిన్ననే సైకిల్ రిక్షా ఎక్కి వెళ్ళిపోయింది. ఇక నీ కారే గతి. తాళం ఎక్కడ పెట్టాలిరా? పొద్దుట్నుంచీ వెతుకుతున్నాను. పక్కింటి అచ్చెన్న చేత పంపుతున్నాను, వెంటనే జవాబు రాయి.

నీ బావ

తా.క. ఇన్సేన్ మాట సరదాకి రాశాను.

*

బావగారికి, మీ గేటు ముందునుంచి దండాలు.

అచ్చెన్న ఎంతోదూరం నడవలేదు. నేనూ ఈ జనంలోనే ఉన్నాను. స్టార్టరు పీకేశానని రాసిన ఉత్తరం చదవకుండానే జవాబు మీద సంతకం పెట్టారన్నమాట. తాళం లేదు. తొయ్యాలి. కారు పట్టుకుపోయాక నాకు అన్నం సయించలేదు బావా. మీ మొహం చూస్తే కొట్టాలనిపించింది.

అయినా అక్క మొగుడు కదా, ఉపాయం చెబుతాను. సిల్కు లుంగీ విప్పి, మీ వంటవాడి పాత లుంగీ కట్టుకుని గేటు తియ్యండి. అది నా కారేనని వీళ్ళకి చెప్పి ఉంచాను, చూడగానే తొయ్యడానికి ఎగబడతారు. మీరూ వాళ్ళతోపాటు ఒక చెయ్యి వెయ్యండి. తోసేవాణ్ణి ఈ ఊళ్ళో ఎవరూ ఆఫీసరనుకోరు.

ఇట్లు, భీమరాజు

తా.క. సీటు ఒక్కటే. నేను కూర్చుంటాను. గట్టిగా తొయ్యండి.