పక్క సందులోకి పోయిన బంతి

ఆదివారం, బర్నబీ, కెనడా

ఇక్కడి మా ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ సీజన్ ఇవాళ్టితో ముగిసింది. చివరి నిమిషంలో ఐదు పాయింట్లు వెనకబడి ఉన్నాం. కిక్ నా రూమ్మేట్ నరేష్‌ది. నడిమి స్తంభాల మధ్య తంతే ఆరు పాయింట్లు, కప్పు మనదే. వాడు నడిమి స్తంభానికీ చివరి స్తంభానికీ మధ్యనున్న పక్క సందులోకి తన్నాడు. ఒక్క పాయింటే వచ్చింది, ఓడిపోయాం.

గాలి వల్లేనట! ఆకు కదిలితే ఒట్టు.

పోయిన వారం అవతలి జట్టు కెప్టెన్ వాడికి తన వేర్‌హౌస్‌లో పార్ట్‌టైమ్ ఇప్పిస్తానన్నాడు. ఊరినిండా స్టూడెంట్లే, జాబ్ ఎక్కడా దొరకని రోజులివి. అయినా స్నేహితుణ్ని అనుమానిస్తానా అని నన్ను నేనే తిట్టుకుని, వాడికి అన్నం వడ్డించాను.

తింటూ నన్ను ఓదార్చాడు. "ఫికర్ చెయ్యకురా. వచ్చే సీజన్ మీరే గెలుస్తరు."

మీరే? నిన్నటిదాకా 'మనం' కదరా నరేష్!